ఇంటి ముందు ప్రెషర్ వాషర్‌తో కారు కడగడం ఎలా?

మట్టిని ఊడగొట్టే ధారే పెయింటునూ ఊడగొడుతుంది. రెండింటిలో ఏది ఊడాలన్నది గన్ మూతికి తగిలించే నాజిల్‌కూ కారుకూ మధ్య మీరు ఉంచే దూరాన్ని బట్టి ఉంటుంది. మెషీన్ కొన్నవాళ్లను అడగండి, అది ఎన్ని బార్ల ఒత్తిడిదో ఎన్ని వాట్లదో గడగడా చెబుతారు. ఎంత దూరం నుంచి కొట్టాలంటే మాత్రం నీళ్లు నములుతారు.

ఆదివారం పూట వాటర్ సర్వీసింగ్ సెంటర్ దగ్గర పడిగాపులు కాయడం కంటే ఇంటి ముందు కడుక్కోవడమే సుఖం. నీళ్లు కూడా తక్కువ పడతాయి. ఇళ్లకు అమ్మే మెషీన్లు నిమిషానికి సుమారు ఐదున్నర నుంచి ఎనిమిది లీటర్లు వాడతాయి. కుళాయికి పైపు తగిలించి వదిలేస్తే అంతకు రెట్టింపు కాలువ పాలవుతుంది. అయితే ఆ కాసిని నీళ్లనే మెషీన్ 100 బార్లకు పైగా ఒత్తిడితో బయటికి తోస్తుంది. కారు టైరులో గాలి రెండుంబావు బార్ల దగ్గర ఉంటుందని గుర్తు తెచ్చుకుంటే ఈ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇందులో ప్రమాదాలకు ఒక వరుస ఉంది. మొదటిది కరెంటు, రెండోది మనిషి చర్మం, మూడోది కారు. చాలా వీడియోలు మూడోదానితో మొదలై అక్కడే ఆగిపోతాయి. ఇక్కడ ఆ వరుసలోనే చెబుతాను.

ముందు ప్లగ్గు సంగతి

1800 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర దాదాపు ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఫోను ఛార్జింగ్ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్ దీనికి చాలదు. గీజర్‌కో ఏసీకో వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి, దానికి సరైన ఎర్త్ ఉండాలి. పాత ఇళ్లలో మూడు కన్నాలు కనబడినంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పై కన్నం వెనుక అసలు వైరే లేని సాకెట్లు ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించుకోండి.

అదే చేత్తో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి. లేకపోతే పెట్టించండి. ఎంసీబీ ఉంది కదా అంటారేమో, దాని పని వేరు. అది వైర్లు మాడిపోకుండా చూస్తుంది. కరెంటు మీ ఒంట్లోంచి నేలలోకి దిగుతున్నా దానికి పట్టదు, మనిషి ప్రాణం తీయడానికి చాలినంత కరెంటు దాని లెక్కలో లెక్కే కాదు. ఆర్‌సీసీబీ అలా కాదు. వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని నిరంతరం చూస్తూ, తేడా రాగానే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. తడి నేల మీద నిలబడి కరెంటు మెషీన్ వాడే ఇంట్లో ఇది ఉండి తీరాలి. వ్యాక్స్, పాలిష్ డబ్బాల మీద పెట్టే డబ్బు ముందు దీని మీద పెట్టండి. దానికి ఉండే టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి, వెంటనే పడిపోవాలి.

అపార్టుమెంటు వాళ్ల కష్టం ఇంకొకటి. కారు సెల్లారులో ఉంటుంది, ప్లగ్గు ఇంట్లో ఉంటుంది. రెండో అంతస్తు బాల్కనీ నుంచి సన్నటి వైరు వేలాడదీసి కడిగేవాళ్లను చూస్తూనే ఉంటాం. వైరు సన్నదై, పొడుగైతే మెషీన్ దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. చుట్ట విప్పకుండా వాడితే ఆ చుట్ట లోపలే వేడి పుట్టి వైరు తొడుగు మెత్తబడుతుంది. ఎక్స్‌టెన్షన్ తప్పదనుకుంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి వైరు తీసుకుని, పూర్తిగా విప్పి పరచండి. ప్లగ్గులు కలిసే చోటు నేల మీద ఉండకూడదు, ఏ కుర్చీ మీదో గోడ గట్టు మీదో పెట్టండి. టేపు చుట్టిన అతుకు ఉన్న వైరు ఈ పనికి పనికిరాదు. ఎవరికైనా షాక్ కొడితే వాళ్లను పట్టి లాగడానికి పరుగెత్తకండి. ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి, 108కి ఫోను చేయాలి.

డాబా మీది ట్యాంకు

నీళ్ల విషయంలో మన విజయవాడకు తనదైన చిక్కు ఉంది. ఇంటి మెషీన్ల మాన్యువల్ తెరిచి చూడండి. లోపలికి వచ్చే నీరు 40 డిగ్రీలు దాటకూడదని చాలావాటిలో రాసి ఉంటుంది. చలి దేశాల వాళ్లకు అది గీజర్ నీళ్ల గురించిన హెచ్చరిక. మనకు మే నెలలో మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు గురించిన హెచ్చరిక. చెయ్యి పెడితే చురుక్కుమనే ఆ నీళ్లు పంపులోని రబ్బరు సీళ్లను పాడు చేస్తాయి. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన నీరు అంతకన్నా వేడిగా ఉంటుంది. అందుకే ఎండాకాలంలో ఈ పని పొద్దున ఎనిమిదిలోపు ముగించాలి. సాయంత్రం చేద్దామంటే ట్యాంకు అప్పటికీ చల్లబడదు.

పది మీటర్ల ఎత్తు నుంచి దిగిన నీటికి ఉండే ఒత్తిడి ఒక బారు. ఒక అంతస్తు ఇంటి మీది ట్యాంకు అంతకూడా ఇవ్వదు. చాలా మెషీన్లకు ఒత్తిడి కంటే నీరు ధారాళంగా అందడం ముఖ్యం. పది లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి చూడండి, నిమిషంలోపు నిండితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. నిండకపోతే పంపు నీళ్లతో పాటు గాలినీ మింగుతుంది, ధార తెగి తెగి వస్తుంది, మోత మారుతుంది. ఆ మోత వినబడగానే ఆపేయండి. కొన్ని మెషీన్లు బకెట్‌లోంచి తామే నీరు లాక్కోగలవు, కొన్ని లాక్కోలేవు. ఆ సంగతి మాన్యువల్‌లో ఉంటుంది, లాక్కోగలిగే వాటికి జాలీ ఉన్న సక్షన్ పైపు వేరుగా కావాలి.

బోరు నీళ్లయితే మెషీన్ నోటి దగ్గర ఉండే చిన్న జాలీ ఊడదీసి, ప్రతిసారీ ఇసుక కడిగేయండి.

స్విచ్చు వేసే ముందు

1. పైపును కుళాయికీ మెషీన్‌కూ బిగించండి. ప్లగ్గు జోలికి ఇంకా పోవద్దు.

2. కుళాయి పూర్తిగా తిప్పి, గన్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకోండి. మొదట గాలీ నీళ్లూ కలిసి ఉమ్మినట్టు వస్తాయి. ధార తెగకుండా సమంగా రావడం మొదలయ్యేదాకా వదలకండి. పంపులో గాలి మిగిలిపోతే లోపల అరుగుదల పెరుగుతుంది. నీళ్లు లేకుండా ఉత్తినే తిప్పితే సీళ్లు కాలిపోతాయి.

3. ట్రిగ్గర్ వదిలి లాక్ వేయండి. అప్పుడు నాజిల్ పెట్టి, గట్టిగా లాగి చూడండి. సరిగా పడని నాజిల్ స్విచ్చు వేయగానే బాణంలా దూసుకుపోతుంది.

4. ఇప్పుడు పొడి చేత్తో ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయండి.

5. గన్‌ను రెండు చేతులతో పట్టుకుని, మనుషులు లేని వైపు నేల మీదికి మొదటి ధార వదలండి. వెనక్కి తన్నుతుంది, ఆ తన్నుకు చెయ్యి అలవాటు పడనివ్వండి.

గన్ ముందు ఎవరూ ఉండకూడదు

ఈ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. సరదాకు స్నేహితుడి కాళ్ల మీద కొట్టడం, కడిగాక మట్టి పాదాలను దీంతోనే శుభ్రం చేసుకోవడం, ధార ఎంత బలంగా ఉందో అరచెయ్యి అడ్డం పెట్టి చూడటం లాంటివి అసలు పనికిరావు. తగిలిన చోట పైకి సూది గుచ్చినంత చిన్న గాయమే కనబడవచ్చు. లోపల నీరు, మురికి కండరాల దాకా చేరి ఉండవచ్చు. నొప్పి పెద్దగా లేదని పసుపు అద్దుకుని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ గన్ ధార తగిలిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే పై గాయం చూసి కట్టు కట్టి పంపేసే ప్రమాదం ఉంది.

కాళ్లకు మూసి ఉన్న బూట్లు, రబ్బరువి అయితే మరీ మంచిది. కళ్లకు అద్దాలు, ఎందుకంటే టైర్ల సందుల్లో ఇరుక్కున్న కంకరరాళ్లు ఎగిరి ముఖం మీదికే వస్తాయి. వాచ్‌మన్‌తో కడిగించే ఇళ్లకు ఒక మాట: ఉత్త కాళ్లతో, లుంగీ ఎగగట్టి ఆ మనిషి తడిలో నిలబడి ఉంటే మీరు బాల్కనీలో కాఫీ తాగుతూ చూడటం ఏ మాత్రం బాగుండదు. బూట్లు కొనివ్వండి, పై విషయాలన్నీ చెప్పి, ఒకసారి చేసి చూపించి, అప్పుడే గన్ ఇవ్వండి. పిల్లలు, వీధి కుక్కలు దగ్గర్లో లేకుండా చూసుకోవాలి. ఒక్క నిమిషం గన్ కింద పెట్టినా ట్రిగ్గర్ లాక్ వేయాల్సిందే.

నాజిల్, దూరం, అట్టపెట్టె

ధార ఎన్ని డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందో నాజిల్ రంగు చెబుతుంది, ఈ రంగులు చాలా కంపెనీలకు ఒకేలా ఉంటాయి. ఎరుపు సున్నా డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బుకు. కారుకు తెలుపు, చక్రాలకూ మడ్‌గార్డుల లోపలికీ ఆకుపచ్చ. అంతకు మించి అవసరం లేదు. ఎరుపు నాజిల్‌ను, గిరగిరా తిరిగే టర్బో నాజిల్‌ను కారు దగ్గరికే తీసుకురాకండి, గేటు ముందు పాచి గీకడానికి దాచుకోండి. తిప్పితే ధార మారే రకం గన్ అయితే ముందే వెడల్పు ధారకు తిప్పి పెట్టుకోవాలి, కారు మీద పెట్టి తిప్పుతూ కూర్చోకూడదు.

25 డిగ్రీల ధార అడుగు దూరంలో, అంటే 30 సెంటీమీటర్ల దగ్గర, సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. 10 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. నీళ్లు అవే, బలం అదే, పడే చోటు మూడో వంతు. మెషీన్ మీద ఏ మీటా తిప్పకుండానే మీరు దెబ్బను మూడింతలు చేశారు.

నమ్మకం కుదరకపోతే ఫ్రిజ్జో మిక్సీయో వచ్చిన అట్టపెట్టె ఒకటి గోడకు ఆనించి ప్రయత్నించండి. మీటరు దూరం నుంచి మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి రండి. మొదట అట్ట తడుస్తుంది. ఇంకా దగ్గరికి వస్తే పై కాగితం నూగులా లేస్తుంది. మరికొంచెం వస్తే ఆ నూగు పొరలు పొరలుగా విడిపోయి లోపలి ముడతలు బయటపడతాయి, ఇంకా వస్తే కన్నం. ఏ దూరంలో నూగు లేచిందో మీ కంటికి, చేతికి తెలిసిపోతుంది. పెయింటు అట్ట కంటే గట్టిదే, కానీ రాయి తగిలి చిట్లిన చోట పెయింటు అంచు సరిగ్గా ఆ నూగులాగే లేచి ఉంటుంది, ధార దాని కిందికి దూరితే పెచ్చు లేచి వస్తుంది.

పెయింటు మీద అడుగు కంటే దగ్గరికి రావద్దు, మొదట్లో రెండడుగులు ఉంచండి. టైర్లకూ అదే అడుగు నియమం, పక్క గోడలకు దగ్గర నుంచి కొడితే రబ్బరు లోపలి పొరలు దెబ్బతింటాయి. బయటికి ఏమీ కనబడకుండా ఎప్పుడో హైవే మీద పగిలే రకం దెబ్బ ఇది. ధారను నిటారుగా కాక ఏటవాలుగా పట్టుకుని, ఆపకుండా కదుపుతూ ఉండాలి.

నానబెట్టాక కడగండి

కారు నీడలో, చల్లగా ఉండాలి. కనకదుర్గమ్మ వారధి మీదుగా అప్పుడే వచ్చిన కారు బ్రేకు డిస్కులు బాగా కాగి ఉంటాయి, వాటి మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు. అరగంట ఆగండి. అద్దాలన్నీ ఎక్కించారో లేదో, సన్‌రూఫ్ మూశారో లేదో చూసుకోండి.

ముందు చక్రాలు, మడ్‌గార్డుల లోపల. మన ప్రాంతంలో అసలు పని అక్కడే ఉంటుంది. వానల్లో తుళ్లూరు వైపు వెళ్లి వచ్చిన కారు చక్రాల వెనుక నల్లరేగడి పట్టి, ఎండి, సిమెంటులా బిగిసి ఉంటుంది. దాన్ని ధార బలంతో కొట్టి ఊడగొట్టాలని చూస్తారు, అప్పుడే గన్ తెలియకుండా దగ్గరికి పోతుంది. రేగడి నీరు తాగి ఉబ్బే మట్టి. దూరం నుంచి తడిపి పది నిమిషాలు వదిలేయండి, మళ్లీ తడపండి. నానాక అడుగున్నర దూరం నుంచి కొట్టినా ముద్దలు ముద్దలుగా జారిపోతుంది. పిట్టల రెట్టకూ ఇదే మందు, తడి గుడ్డ పరిచి నానబెట్టండి.

తర్వాత టాపు నుంచి కిందికి మొత్తం కారును ఉత్త నీళ్లతో కడగండి. ఈ మెషీన్‌తో నిజంగా లాభం వచ్చేది ఈ విడతలోనే. ఇబ్రహీంపట్నం వైపు రోజూ తిరిగే కార్ల మీద థర్మల్ కేంద్రం బూడిద పేరుకుంటుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినాలతో ఏర్పడిన గాజులాంటి గట్టి రేణువులు. పొడి గుడ్డతో తుడిస్తే ఒక్కో రేణువూ ఒక్కో గీత గీస్తుంది. చెయ్యి తగలకముందే వాటిని నీళ్లతో దించేయడం పెయింటుకు మీరు చేసే పెద్ద మేలు. పూజ చేయించి వచ్చిన కారు బానెట్ మీద కుంకుమ, పసుపు ఉన్నా ఇంతే, రుద్దకుండా నీళ్లతో దించండి. పసుపు మరక కొంచెం మిగిలినా ఎండకు తనంతట తానే వెలిసిపోతుంది. ముందు బంపరుకు కట్టిన నిమ్మకాయలు, పూలదండ దారం మాత్రం ముందే విప్పేయండి, ధారకు ఎగిరి గ్రిల్లు సందుల్లో చిక్కుకుంటాయి.

ఆపైన ఫోమ్, అంటే షాంపూ నురగ. కార్ షాంపూయే వాడండి, గిన్నెలు తోమే లిక్విడ్ వ్యాక్స్ పొరను కూడా తీసుకుపోతుంది. మూడు నాలుగు నిమిషాలు ఉంచండి, ఆరిపోనివ్వకండి. ఫోమ్ జారినంత మాత్రాన కారు శుభ్రమైపోదు, సన్నటి జిడ్డు పొర మిగిలే ఉంటుంది. దానికోసం గన్ దగ్గరికి తేవడం కంటే రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు, మైక్రోఫైబర్ గుడ్డతో చేత్తో కడగాలి. మళ్లీ పై నుంచి కిందికి నీళ్లు కొట్టి, వెంటనే తుడవండి. బోరు నీళ్లు ఆరితే తెల్లటి సున్నపు చుక్కలు మిగులుతాయి, ముదురు రంగు కార్ల మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఆఖరి విడత వరకైనా కృష్ణా నీళ్లు దొరికితే వాటితో కడగండి.

ధార పడకూడని చోట్లు

బానెట్ లోపల. ఇంజన్ కడిగితే మైలేజీ పెరుగుతుందన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ, ఆల్టర్నేటర్, ఫ్యూజు పెట్టె, సెన్సార్ల కనెక్టర్లు అన్నీ ఉండేది అక్కడే. అవి వానకూ బురద తుంపరలకూ తట్టుకునేలా చేసినవి, వంద బార్ల ధారకు కాదు. తడిగుడ్డ, బ్రష్షు చాలు. రేడియేటర్, ఏసీ కండెన్సర్ రేకులు కాగితమంత పల్చన, ధారకు పడుకుండిపోయి గాలి దారి మూసేస్తాయి. వాటికి మామూలు కుళాయి పైపే మేలు.

తలుపుల రబ్బరు బీడింగుల మీదికీ, అద్దాల అంచుల్లోకీ నేరుగా కొట్టకండి. రివర్స్ కెమెరా, పార్కింగ్ సెన్సార్ల దగ్గర దూరం పెంచండి. వెనుక అద్దం మీది దేవుడి పేర్లు, రేడియం స్టిక్కర్లు అంచుల దగ్గర ముందు లేస్తాయి. ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ చేయించిన తలుపో బంపరో ఉంటే నెల రోజులు మెషీన్ వద్దు, ఆ తర్వాత కూడా ఆ భాగానికి రెండడుగుల దూరం పాటించండి. పుట్టీ మీద వేసిన పెయింటు కంపెనీ పెయింటులా పట్టుకుని ఉండదు. సీఎన్‌జీ బండి అయితే గ్యాసు నింపే వాల్వు, ఎలక్ట్రిక్ బండి అయితే ఛార్జింగ్ మూత, కింద నారింజ రంగు తొడుగు ఉన్న కేబుళ్లు, వీటి వైపు గన్ తిప్పొద్దు. ఛార్జింగ్‌లో ఉన్న కారును కడగకూడదని వేరే చెప్పాలా?

వరద నీటిలో మునిగిన కారుకు ఈ మెషీన్ వైద్యం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు మీ వీధీ మునిగితే, లోపలి దాకా నీరు వెళ్లిన బండిని కడగడానికో, స్టార్ట్ చేయడానికో చూడకండి. బ్యాటరీ విప్పదీయించి మెకానిక్ దగ్గరికి లాగించుకుని వెళ్లాలి.

ఆపేటప్పుడు

మొదలుపెట్టిన వరుసకు తలకిందులు. ఫోమ్ వాడి ఉంటే ఉత్త నీళ్లతో అర నిమిషం నడిపి సబ్బు పోగొట్టండి. స్విచ్చు ఆపి ప్లగ్గు తీయండి. కుళాయి కట్టండి. అప్పుడు ట్రిగ్గర్ నొక్కి లోపల మిగిలిన ఒత్తిడి పోనివ్వండి. ఈ ఒక్క పని మరిచిపోయి పైపు విప్పితే మూతి ముఖం మీదికి వస్తుంది. గొట్టాన్ని మడతలు పడకుండా చుట్టి, మెషీన్‌ను ఎండ తగలని చోట పెట్టండి.

కారును అలాగే తడి బ్రేకులతో వదిలేయకుండా వీధి చివరి దాకా మెల్లగా నడిపి, రెండు మూడు సార్లు బ్రేకు తొక్కండి. మొదటిసారి పట్టు కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, డిస్కులు ఆరగానే మామూలవుతుంది. ఇంట్లో ఇంకెవరైనా కారు తీసుకుని నేరుగా బందరు రోడ్డు ఎక్కేలోపే ఇది అయిపోవాలి.